పెళ్లి డిస్కులు: కత్తెర పట్టే ముందు

ప్రశ్న: మా అమ్మానాన్నల పెళ్లి 1991లో జరిగింది. ఆ వీహెచ్‌ఎస్ క్యాసెట్లు, మా బారసాలలవి, నా ఓణీల ఫంక్షన్‌ది, అన్నీ కలిపి పన్నెండేళ్ల కిందట మా ఊళ్లోనే ఒక స్టూడియోలో డిస్కులకు ఎక్కించాం. ఏడు డీవీడీలు, రెండు వీసీడీలు ఉన్నాయి. ఇంకో మూడు నెలల్లో నాన్నగారి షష్టిపూర్తి. అరగంట వీడియో నేనే ఎడిట్ చేసి ఫంక్షన్ హాల్లో వేద్దామని నా ఆశ. లాప్‌టాప్‌కి విడిగా తగిలించే డీవీడీ డ్రైవు కొన్నాను. డిస్కులో ఫైళ్లు లాగి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఒకదానికి బొమ్మ ఉంది, శబ్దం లేదు. పెళ్లేమో అయిదు ముక్కలుగా వచ్చింది. మనుషులు కదిలినప్పుడల్లా ఒంటి మీద అడ్డంగా గీతలు పడుతున్నాయి. అయిదో డిస్కు అసలు చదవడమే లేదు. పని అయిపోయాక ఈ డిస్కులు పారేయొచ్చా అని కూడా అడగాలనుంది. — ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఆ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మూసేయండి. ఒక వారం దాని జోలికి పోవద్దు. మూడు నెలలు చేతిలో ఉన్నాయి కాబట్టి వారం పోతే కొంపేమీ మునగదు. ఈ వారం సరిగ్గా చేసుకుంటే మాత్రం మిగతా పన్నెండు వారాలూ తిట్టుకోకుండా పనిచేసుకోవచ్చు.

మీ లాప్‌టాప్‌లో తప్పేమీ లేదు, మీ చేతిలోనూ లేదు. డీవీడీ అనేది టీవీ ముందు కూర్చుని మొదటినుంచి చివరిదాకా చూడటానికి చేసిన వస్తువు. దాన్ని కోసి ఇంకోటి కుట్టుకోవాలనుకుంటే ముందు కుట్లు విప్పాలి. ఆ విప్పడం ఒక్కసారే, ఒకే పద్ధతిలో జరగాలి. అసలు గుడ్డకు చిరుగు పడకూడదు. నేను చెప్పబోయేదంతా ఇంతే.

ఇది నాకు తెలివితో వచ్చిన జ్ఞానం కాదు లెండి, దెబ్బ తిని వచ్చింది. మా అక్క పెళ్లి డిస్కుల్ని ఒకప్పుడు హార్డ్ డిస్కులో చోటు చాలడం లేదని చిన్న ఫైళ్లుగా మార్చాను. ఆ చిన్న ఫైళ్లని కోసి ఇంకోటి చేశాను. దాన్ని ఫోన్లో పట్టేలా మళ్లీ కుదించాను. అసలు డిస్కులు చుట్టాలింటికి వెళ్లి, తిరిగి రాలేదు. ఇప్పుడు మా దగ్గర మిగిలిన ఆ మూడో తరం వీడియోలో తలంబ్రాలు బియ్యంలా ఉండవు, ఇటుకల్లా ఉంటాయి. అక్క ముఖం ఏదో, పూలజడ ఏదో వెతుక్కోవాలి.

మీ అయిదు ముక్కల సంగతి చూద్దాం. డిస్కు తెరిస్తే వీడియో టీఎస్ అనే ఫోల్డర్ కనిపించి ఉంటుంది. అందులో వీవోబీ అని ఉన్నవి బొమ్మా శబ్దమూ కలిసిన ఫైళ్లు. ఐఎఫ్‌ఓ అన్నవి ఏది ఎక్కడుందో చెప్పే చీటీలు, బీయూపీ అన్నవి ఆ చీటీలకు నకళ్లు. డీవీడీ నియమం ప్రకారం ఒక్కో వీవోబీ 1 జీబీ దాటకూడదు. అందుకే నిండు డిస్కు అయిదు ముక్కలైంది. ఆ ముక్కలు చేసింది మనిషి కాదు, లెక్క. పంతులుగారు ‘మాంగల్యం తంతునా’ అని ఎత్తుకున్నాక ‘నేన’ అన్నది రెండో ఫైల్లో ఉండొచ్చు. వాటిని విడివిడిగా ఎడిటర్‌లో వేసి పక్కపక్కన పెడితే అతుకు దగ్గర శబ్దం టక్కుమంటుంది, లేదా ఒకట్రెండు బొమ్మలు ఎగిరిపోతాయి. ఒక్కోసారి పెదాలకీ మాటకీ పొంతన తప్పుతుంది.

కాబట్టి ఫైళ్లు లాగడం మానేసి డిస్కు మొత్తానికి అచ్చు తీయండి. దీన్ని ఐఎస్‌ఓ ఇమేజ్ అంటారు. విండోస్‌లో ఇమ్‌గ్‌బర్న్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పని చేస్తుంది. ఒక్కో డీవీడీకి 4.7 జీబీ లోపే కాబట్టి ఏడింటికీ 33 జీబీ మించదు. డ్రైవుని యూఎస్‌బీ హబ్‌కి కాకుండా నేరుగా లాప్‌టాప్‌కే తగిలించండి. కరెంటు చాలక మధ్యలో ఆగిపోయే డ్రైవులు చాలా చూశాను. ఏడు ఐఎస్‌ఓలూ తయారయ్యాక వాటిని ఇంకో హార్డ్ డిస్కులోకి కూడా కాపీ చేసి, ఆ హార్డ్ డిస్కుని ఇంట్లో కాకుండా మీ అన్నో తమ్ముడో ఉంటే వాళ్లింట్లో పెట్టండి. ఇక్కడితో అసలు సరుకు భద్రం. తర్వాత ఏం పాడుచేసినా మళ్లీ మొదలుపెట్టొచ్చు.

రెండో పని ముక్కల్ని ఒకటి చేయడం. దీనికి మేక్‌ఎంకేవీ వాడండి. డీవీడీలకు ఇది ఉచితం. ఐఎస్‌ఓని తెరిస్తే లోపల ఉన్న భాగాలు వరుసగా చూపిస్తుంది. కావలసినవి టిక్కు పెట్టి నొక్కితే ఒక్కో భాగాన్నీ ఒకే ఫైలుగా ఇస్తుంది. బొమ్మని మళ్లీ పిండదు, నాణ్యత వెంట్రుకవాసి కూడా తగ్గదు. అయితే ఒక మెలిక ఉంది. రెండు నిమిషాల కంటే చిన్న భాగాల్ని ఇది మామూలుగా లెక్కలోకి తీసుకోదు. సినిమా డిస్కుల్లో పనికిరాని తునకలుంటాయని ఆ ఏర్పాటు. ఇంటి డిస్కుల్లో సంగతి వేరు. మీ నాయనమ్మ పీటల దగ్గర అక్షింతలు వేస్తూ కెమెరా వైపు చూసి సిగ్గుపడిన నలభై సెకన్లు విడి భాగంగా రికార్డయి ఉంటే, అది మీకు కనబడకుండానే పోతుంది. ప్రిఫరెన్సెస్‌లో వీడియో అన్న చోట 120 సెకన్లు అని ఉంటుంది, దాన్ని 1 చేయండి. చెత్త కొంత వస్తుంది, రానివ్వండి.

ఇప్పుడు గీతల సంగతి. మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. చాలామంది పెళ్లి వీడియోలు పాడయ్యేదీ ఇక్కడే.

మన పాత టీవీ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు అంటారు గానీ, నిజానికి వచ్చేవి 50 సగం బొమ్మలు. ఒకసారి బేసి గీతలు, సెకనులో యాభయ్యో వంతు గడిచాక సరి గీతలు. ఈ రెండు సగాలూ ఒకే క్షణానివి కావు. మీ నాన్నగారు తలంబ్రాలు పోస్తున్నారనుకోండి. మొదటి సగంలో చెయ్యి అమ్మగారి తల పైన ఉంటుంది, రెండో సగానికి అంగుళం కిందికి దిగుతుంది. డబ్బా టీవీ ఈ రెండిటినీ ఒకదాని తర్వాత ఒకటి చూపించేది కాబట్టి కంటికి ఇంపుగా ఉండేది. కంప్యూటర్ రెండిటినీ కలిపి ఒకే బొమ్మగా పెడుతుంది. అందుకే కదలని మండపం శుభ్రంగా ఉండి, కదిలే చెయ్యి మాత్రం దువ్వెన పళ్లలా కనిపిస్తోంది. క్యాసెట్ పాడవలేదు, డిస్కూ పాడవలేదు.

దీన్ని సరిచేయడాన్ని డీఇంటర్‌లేస్ అంటారు. సులువుగా చేసేవాళ్లు రెండు సగాల్ని కలిపి సెకనుకు 25 బొమ్మలుగా కుదిస్తారు. గీతలు పోతాయి, దాంతోపాటు సగం కదలికా పోతుంది. నాదస్వరం వాయించే వేళ్లు, డోలు మీద పుల్ల కొట్టే చెయ్యి అన్నీ కుదుపుగా కనిపిస్తాయి. మీరు ఒక్కో సగాన్నీ పూర్తి బొమ్మగా పెంచి సెకనుకు 50 చేయండి. ఫైలు పెద్దదవుతుంది, కానీ కదలిక ఆనాటి టీవీలో చూసినట్టే ఉంటుంది.

హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇది చేయొచ్చు. ప్రీసెట్లలో (ముందే సిద్ధం చేసి ఉంచిన సెట్టింగులు) ప్రొడక్షన్ అనే వర్గం ఉంది, ఎడిటింగ్‌కి పంపే ఫైళ్ల కోసమే పెట్టింది. అందులో ప్రొడక్షన్ స్టాండర్డ్ ఎంచుకోండి. ఫిల్టర్లలో డీఇంటర్‌లేస్ దగ్గర బీడబ్ల్యూడిఫ్ గానీ యాడిఫ్ గానీ పెట్టి, దాని పక్కన బాబ్ అన్నది ఎంచుకోండి. ఫ్రేమ్ రేటు 50, కాన్‌స్టంట్. ఈ కాన్‌స్టంట్ అన్నది మరిచిపోతే పావుగంట గడిచాక మంత్రం ఒకచోట, పంతులుగారి పెదాలు ఇంకోచోట ఉంటాయి. క్రాపింగ్ (అంచులు కోయడం) ఆటోమేటిక్‌గా ఉంటే తీసేయండి. చీకటి దృశ్యాల్లో అంచు ఏదో నల్లపట్టీ ఏదో దానికి తెలియదు, ఒక్కో ఫైలుని ఒక్కో కొలతకి కోసేస్తుంది. క్యాసెట్ల వీడియోకి అడుగున వణికే గీతల పట్టీ ఒకటి ఉంటుంది. అది వీసీఆర్‌లో టేపు చదివే హెడ్ మారేటప్పుడు పడేది. దాన్నీ ఇప్పుడు కోయకండి, ఎడిటింగ్‌లో బొమ్మని కాస్త పెంచితే అదే తెర కిందికి పోతుంది.

ఇదంతా గంటన్నర ఫైలు మీద నేరుగా చేయకండి. ముందు ఒక్క నిమిషం తీసుకుని చేసి చూడండి. ఆ నిమిషం ఊరేగింపుదైతే మేలు, మనుషులు నడుస్తూ ఉంటారు. పెళ్లికొడుకు రెండడుగులు ముందుకి, ఒకడుగు వెనక్కి వేస్తున్నట్టు తోస్తే బేసి, సరి సగాల వరుస తిరగబడిందని అర్థం. ఆ డిస్కు వరకు ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అయిన షాట్‌కట్‌లో చేసుకోండి. అక్కడ ఫైలు ప్రాపర్టీస్‌లో ఫీల్డ్ వరుస, అంటే ఆ సగాల వరుస, మార్చే వీలుంది. అదే నిమిషంలో ఏదైనా గుండ్రటి వస్తువు, హారతి పళ్లెమో తప్పెటో, చూడండి. కోడిగుడ్డులా ఉంటే బొమ్మ కొలత తప్పింది. మన డీవీడీలో బొమ్మ 720 అడ్డం, 576 నిలువు పిక్సెళ్లుగా దాచి ఉంటుంది గానీ, ఆ పిక్సెళ్లు చతురస్రాలు కావు. పాత టీవీ కొలతకి కంప్యూటర్‌లో అది 768 అడ్డం, 576 నిలువు కావాలి. ఫంక్షన్ హాల్లో తెర వెడల్పుగా ఉంటుంది కదా అని మాత్రం సాగదీయకండి. పక్కన నల్లగా ఉంటే ఉండనివ్వండి, మీ అమ్మగారు పెళ్లినాటి కంటే రెట్టింపు లావుగా కనిపించడం కంటే నయం.

శబ్దం రాని ఫైలుకి వేరే మందు అక్కర్లేదు. డీవీడీల్లో శబ్దం ఎక్కువగా ఏసీ-3 అనే పద్ధతిలో ఉంటుంది, కొన్ని ఎడిటర్లు దాన్ని చదవవు. హ్యాండ్‌బ్రేక్‌లో ఏఏసీ అనే పద్ధతికి, 256 కిలోబిట్లకి మార్చితే చాలు.

వీసీడీలు రెండూ వేరే జాతి. వాటిలో ఎంపెగ్-ఏవీ అనే ఫోల్డర్‌లో డాట్ (.dat) ఫైళ్లుంటాయి. బొమ్మ 352 అడ్డం, 288 నిలువు, అంటే డీవీడీలో నాలుగో వంతు కూడా కాదు. ఇవి సగం బొమ్మల పద్ధతిలో ఉండవు కాబట్టి డీఇంటర్‌లేస్ చేయకండి, చేస్తే ఉన్న కాస్తా మసకబారుతుంది. ఆ రెండిటిలో ఉన్న ఫంక్షన్ డీవీడీల్లో కూడా ఉందేమో ముందు చూసుకోండి. ఉంటే వీసీడీ పక్కన పెట్టేయండి.

అయిదో డిస్కు దగ్గరకి వద్దాం. వెనక్కి తిప్పి వెలుతుర్లో చూడండి. వేలిముద్రలు, దుమ్ము ఉంటే మెత్తని పొడి గుడ్డతో మధ్య నుంచి అంచుకి నేరుగా తుడవాలి, గుండ్రంగా కాదు. అవసరమైతే ఒక చుక్క నీళ్లు. టూత్‌పేస్టు చిట్కాలు ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. తర్వాత ఇంకో డ్రైవులో పెట్టి చూడండి. కొత్తగా కొన్న పల్చటి డ్రైవు చదవనిది పాత డెస్క్‌టాప్ డ్రైవు చదివిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. మీ వీధిలో జిరాక్స్ షాపులోనో నెట్ సెంటర్లోనో అలాంటిది ఒకటి దుమ్ము పట్టి ఉండకపోదు. డిస్కు శుభ్రంగానే ఉండి, కంప్యూటర్ దాన్ని ఖాళీ అంటుంటే మాత్రం అది గీత వల్ల కాదు. స్టూడియోవాళ్లు రికార్డర్లో ఫైనలైజ్ చేయడం, అంటే వేరే యంత్రాలు చదివేలా రికార్డింగ్‌ని ముగించడం, మరిచిపోయి ఉంటారు. ఆ రికార్డర్ ఇంకా వాళ్ల దగ్గరుంటే నిమిషాల పని. లేకపోతే ఐసోబస్టర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో లోపలి వీడియోని బయటికి లాగే ప్రయత్నం చేయొచ్చు.

ఇక మీరు అడగనిది ఒకటి చెబుతాను. ఒక్కో డిస్కులో ఎంతసేపు వీడియో ఉందో చూడండి. 4.7 జీబీలో రెండు గంటలు పెడితే సెకనుకు దాదాపు 5.2 మెగాబిట్లు దక్కుతాయి. మూడు గంటలు కుక్కితే 3.5 మాత్రమే. డీవీడీలో బొమ్మకి 9.8 వరకు వాడుకోవచ్చు, కానీ డిస్కులు మిగుల్చుకోవాలని షాపులవాళ్లు మూడేసి గంటలు ఒక్కదాంట్లో సర్దేవాళ్లు. అప్పుడు ఏమవుతుందంటే, డీవీడీల్లో బొమ్మని కుదించే ఎంపెగ్-2 పద్ధతిలో ప్రతి పన్నెండు, పదిహేను బొమ్మలకి ఒక్కటే పూర్తి బొమ్మ. మధ్యవి ముందూ వెనకా బొమ్మలతో పోల్చి ఏం మారిందో రాసుకునే తేడాలు. మండపంలో అందరూ కూర్చుని ఉంటే తేడా తక్కువ, చోటు సరిపోతుంది. గుప్పెడు తలంబ్రాలు గాల్లోకి లేచిన ఆ రెండు సెకన్లలో మాత్రం తెర మీద ప్రతి చుక్కా మారిపోతుంది. రాసుకోవడానికి చోటు చాలక బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతుంది. కాబట్టి మీ డిస్కు నాణ్యత తెలియాలంటే తలంబ్రాల దగ్గర ఆపి చూడండి. గింజలు గింజల్లా ఉంటే ఆ డిస్కు బాగా చేసిందే. గళ్లుంటే ఏ సాఫ్ట్‌వేరూ వాటిని వెనక్కి తేలేదు. ఏఐతో ముఖాలు స్పష్టం చేస్తామనే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు చాలా వచ్చాయి. పోయినదాన్ని అవి ఊహించి గీస్తాయంతే. మీ నాయనమ్మ బుగ్గ మీద పుట్టుమచ్చ మాయమై, ఎవరో నునుపైన ముసలావిడ కనిపిస్తుంది.

గళ్లున్న డిస్కులకి మందు ఒకటే, క్యాసెట్ నుంచి మళ్లీ ఎక్కించుకోవడం. అందుకే క్యాసెట్లు ఉన్నాయా, స్టూడియో నుంచి వెనక్కి తెచ్చుకున్నారా అని మీ ఇంట్లో అడగండి. ఉంటే మూత తెరిచి టేపు అంచుల మీద తెల్లటి బూజు ఉందేమో చూడండి. ఉంటే దాన్ని ఏ వీసీఆర్‌లోనూ పెట్టకండి. ఆ హెడ్డు పాడవుతుంది, తర్వాత పెట్టే క్యాసెట్లకి కూడా బూజు అంటుకుంటుంది. శుభ్రం చేసేవాళ్లకే ఇవ్వాలి. ఇంకోటి కూడా అడగండి. 1991 పెళ్లి క్యాసెట్ అంటే మిక్సింగ్ చేయించిందే అయ్యుంటుంది. గులాబీ రేకుల మధ్య పెళ్లికూతురి ముఖం, తాళి కట్టేటప్పుడు వెనక సినిమా పాట. ఆ పాట వేయడానికి అసలు శబ్దం చెరిపేసి ఉంటారు. డిస్కులో ఉన్నది ఆ పాటే, అసలు శబ్దాన్ని మీరు వెనక్కి తేలేరు. మిక్సింగ్‌కి ముందు కెమెరాలో తీసిన క్యాసెట్ ఎక్కడైనా మిగిలి ఉంటే అందులో మీ తాతగారి కేకలు, ఆడపడుచుల నవ్వులు అన్నీ ఉంటాయి. అది దొరికితే నా దృష్టిలో ఈ తొమ్మిది డిస్కులకంటే ఎక్కువ. పాట ఉన్న వీడియోని తర్వాత యూట్యూబ్‌లో పెడితే పాటల కంపెనీ హక్కు చెప్పొచ్చు, అదీ గుర్తుంచుకోండి. హాల్లో వేసే దాంట్లో కూడా తాళి కట్టే చోట ఆ పాట తగ్గించి, అమ్మగారితో ఇప్పుడు చెప్పించి రికార్డు చేసిన మాటలు వినిపిస్తే బాగుంటుందని నాకనిపిస్తుంది, మీ ఇష్టం.

ఫైళ్లన్నీ సిద్ధమయ్యాక పేర్లు పెట్టండి. సంవత్సరం, ఫంక్షన్, డిస్కు నంబరు, అంతే. తర్వాత మీ మేనత్తగారినో, ఆ పెళ్లిలో పెత్తనం చేసిన పెద్దవాళ్లెవరినో లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి మొత్తం ఒకసారి తిప్పండి. పక్కన నోట్‌బుక్ పెట్టుకుని, ఏ నిమిషానికి ఎవరు కనిపించారో రాసుకోండి. ‘ఈయనెవరో’ అనుకుంటూ మీరు కోసి పారేయబోయే ముఖం మీ నాన్నకి చదువు చెప్పించిన బాబాయిది కావచ్చు. నాన్నగారికి మాత్రం తెలియనివ్వకండి. అత్తయ్యగారు మాట్లాడుతున్నంతసేపూ మీ ఫోన్లో రికార్డింగ్ నొక్కి ఉంచండి. ఆ మాటలు మీ అరగంట వీడియోలో ఎక్కడైనా పనికొస్తాయి. అప్పుడు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరవండి.

డిస్కులు పారేయొచ్చా అన్నారు. వద్దు. ఐఎస్‌ఓలు రెండుచోట్ల ఉన్నా సరే, వాటిని నిలువుగా పెట్టెల్లో ఉంచి, ఎండ తగలని బీరువాలో పెట్టండి. ఈ డిస్కుల్లోని రంగుపొర వెలుతురికి పాడవుతుంది. వాటి మీద కాగితం స్టిక్కర్లు అంటించి ఉంటే పీకకండి, పైపొర కూడా ఊడి రావచ్చు. క్యాసెట్లు మీ ఇంట్లోనే ఉంటే అటక మీదే ఉంటాయని నా అంచనా. ఆదివారం నిచ్చెన వేయించి చూడండి, ఆ బరువు పెట్టెలు దింపడానికి నాన్నగారిని మాత్రం పిలవకండి.